కోస్తా, తీరం, ఒడ్డు: ఏది ఎక్కడ రాయాలి? వరంగల్ నుంచి ఒక లెక్క

మొన్న హనుమకొండలో టూర్లు నడిపే ఒక తమ్ముడు ఒక పాంప్లెట్ తెచ్చి చూడమన్నాడు. బాపట్ల, సూర్యలంక, రెండు రోజులు, భోజనంతో సహా. ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని ఎవరో తెలుగు చేసిచ్చారు. మొదటి లైనే ఇలా ఉంది: "అందమైన కోస్తాలో ఆహ్లాదకరమైన సాయంత్రం గడపండి." నాకు నవ్వాగలేదు. ఆ లైన్ ప్రకారం ఏలూరు బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి సాయంత్రం దాకా టీ తాగించి పంపినా మాట తప్పినట్టు కాదు, ఎందుకంటే ఏలూరు కూడా కోస్తానే.

"కోస్ట్ అంటే కోస్తానే గదన్నా, తప్పేముంది?" అన్నాడు. అడిగిన మాటలో న్యాయముంది. అప్పటికి నేనేదో సర్ది చెప్పి పంపాను గానీ, ఇంటికొచ్చాక బుర్రలో అదే తిరిగింది. సముద్రానికి ఇంత దూరంలో ఉండి కూడా మనం రోజూ పేపర్లో తీరం, కోస్తా అని చదువుతూనే ఉంటాం, ఎవరైనా ఆపి రెండింటికీ తేడా ఏంటని అడిగితే మాత్రం తడబడతాం. నాకు తోచింది రాస్తున్నాను, ఒప్పుకోకపోతే గొడవేం లేదు.

ముందు కోస్తా సంగతి. ఇది మన మాట కాదు, పోర్చుగీసు వాళ్ల మాట. ఓడల్లో వచ్చినవాళ్లు అల్మారా, బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రీ లాంటివి వదిలిపోయినట్టే దీన్నీ వదిలిపోయారు. వాళ్ల భాషలో మామూలుగా సముద్రతీరం అనే అర్థం, ఇంకా వెనక్కి లాటిన్‌లోకి పోతే పక్కటెముక. దేశానికి పక్కటెముకలాగా ఉండే భాగం అన్నమాట, ఊహ మాత్రం బాగుంది. స్పానిష్‌లోనూ అదే మాట, కోస్తారికా దేశం పేరులో ఉన్నది ఇదే.

కానీ తెలుగులోకి వచ్చాక దాని పని మారిపోయింది. కేరళ వైపు సముద్రాన్ని మనం మలబారు తీరం అంటాం, మలబారు కోస్తా అనం. కొంకణ్ తీరం, గుజరాత్ తీరం, ఆఫ్రికా తీరం, అన్నీ తీరాలే. ఎటొచ్చీ ఉత్తగా కోస్తా అంటే ఆంధ్రదే. అంటే అది మామూలు మాట నుంచి జారిపోయి ఒక ప్రాంతం పేరుగా కుదురుకుంది, రాయలసీమ, తెలంగాణ లాగా. అందుకే పేపర్లో "కోస్తా తీరంలో అలజడి" అని రాసినా ఎవరికీ తప్పుగా తోచదు. విడదీసి చూస్తే తీరం తీరంలో అలజడి! అయినా ఆ రాసినవాడిది పొరపాటు కాదు, తెలుగులో కోస్తా ఇప్పుడు సముద్రపు అంచు పేరు కాదు కాబట్టి. ఎన్టీఆర్ జిల్లాకు సముద్రమే లేదు, పల్నాడుకూ లేదు. రెండూ కోస్తా జిల్లాలే.

దానికి ముందు ఆ ప్రాంతాన్ని సర్కారు జిల్లాలనేవారు. సర్కారంటే మొగలుల, గోల్కొండ నవాబుల కాలం నాటి రెవెన్యూ విభాగం: చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. నిజాం చేతిలోంచి ఫ్రెంచి వాళ్లకు, వాళ్ల నుంచి ఇంగ్లీషు వాళ్లకు పోయినవి అవే. మన వైపు సర్కారు అంటే అర్థం వేరు కదా, సర్కారు బడి, సర్కారు దవాఖాన. వరంగల్‌లో పుట్టి పెరిగిన పిల్లగాడికి సర్కారు జిల్లాలు అని చెబితే మిగతావన్నీ ప్రైవేటు జిల్లాలా అని అడుగుతాడు. ఇంకో తమాషా చూడండి. దత్తమండలాలు, అంటే నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన జిల్లాలు, అని పిలిపించుకోవడం ఇష్టంలేక ఆ జిల్లాల వాళ్లు 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని సొంత పేరు పెట్టుకున్నారు. సర్కారు జిల్లాల వాళ్లు మాత్రం నవాబుల మాట వదిలి పోర్చుగీసు మాట తగిలించుకున్నారు, అదీ ఎవరూ సభ పెట్టి తీర్మానించకుండానే.

పైగా మన దగ్గర కోస్తా అంటే నీళ్లు గుర్తుకు రావు, మనుషులు గుర్తుకొస్తారు. పొలాలు కొనుక్కుని ఇక్కడే స్థిరపడ్డ గుంటూరుపల్లెల వాళ్లు, వాళ్ల యాస, వాళ్ల ఆవకాయ, ఉద్యమం రోజుల్లో మైకుల్లో విన్న మాటలు. ఇంత బరువున్న మాటను తీసుకెళ్లి సముద్రపు గాలి పీల్చుకునే లైన్లో పెడితే గాలెక్కడ ఆడుతుంది?

తమ్ముడికి చెప్పాల్సిన చిట్కా నాకు ఆలస్యంగా తట్టింది. మాట చివర "లో" పెట్టి చూడండి, తర్వాత "మీద" పెట్టి చూడండి. కోస్తాలో అంటాం, కోస్తా మీద నిలబడ్డాను అనం. ఒడ్డు మీద, ఒడ్డున అంటాం, ఒడ్డులో అని ఎవడూ అనడు. అంటే కోస్తా అనేది లోపలికి వెళ్లి ఉండే చోటు, ఒడ్డు అనేది కాలు మోపే అంచు. తీరం రెండింటికీ మధ్యలో ఉంటుంది, తీరంలో అన్నా తీరాన అన్నా చెల్లుతుంది. నాకు తెలిసి నిఘంటువుల్లో మూడింటికీ దాదాపు ఒకటే అర్థం ఇస్తారు, ఒకదానికి ఇంకోటి చూడు అంటారు, కానీ ఈ చిన్న ప్రత్యయాలు అర్థాల కంటే నిజం చెబుతాయి.

తీరం సంస్కృతం. పెద్దరికం ఎక్కువ. సముద్రానికి, పెద్ద నదికి తప్ప ఒప్పుకోదు. గోదావరి తీరం అంటే కాళేశ్వరం, బాసర కళ్ల ముందుకొస్తాయి. అదే మేడారం పోయినప్పుడు జంపన్న వాగు తీరాన స్నానం చేశాను అని చెప్పి చూడండి, పక్కనున్నవాళ్లు మీ మొహం వంక చూస్తారు. వాగుకు తీరం ఉండదు, ఒడ్డే ఉంటుంది, ఎంత పవిత్రమైన వాగైనా సరే. చెరువుకూ అంతే. భద్రకాళి చెరువు తీరం అని పర్యాటకం బోర్డుల మీద రాస్తే రాయొచ్చు గానీ, సాయంత్రం వాకింగ్‌కు పోయే ఏ మనిషీ తీరానికి పోతున్నా అని ఇంట్లో చెప్పి పోడు, బండ్ మీదికి పోతున్నా అంటాడు.

ఇంకో గుణం, తీరం ఎప్పుడూ కాస్త దూరం నుంచి చూసే మాట. మ్యాప్‌లో గీత లాంటిది. అందుకే లెక్కలకు, సమాసాలకు దాన్ని మించింది లేదు: తీరరేఖ, తీరప్రాంతం, తీర గస్తీ. చిన్నప్పుడు బళ్లో ఉమ్మడి రాష్ట్రానికి 974 కిలోమీటర్ల తీరరేఖ అని బట్టీ పట్టినవాళ్లం. ఇప్పుడు అది 1,053 అయ్యింది. సముద్రం పెరిగింది కాదు, కొలిచే పద్ధతి మారింది, ప్రతి వంపునూ ప్రతి పాయనూ దగ్గర్నుంచి కొలిచేసరికి దేశం మొత్తానిదే 7,516 నుంచి 11,098 కిలోమీటర్లకు పోయింది. ఈ వాక్యంలో తీరరేఖ తీసి ఒడ్డు పెట్టలేం, కోస్తా పెడితే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా రోడ్డు దూరం చెబుతున్నట్టుంటుంది. ఇక్కడ తీరానికే ఓటు, అనుమానమే లేదు.

తుపాను వార్తల్లోనూ తీరానిదే రాజ్యం. "తీరం దాటింది." ఈ మాటతో నాకు పాత తగాదా ఉంది. దాటింది అంటే మనకు మామూలుగా పోయింది, గండం గడిచింది అని కదా వినబడేది, రైలు కాజీపేట దాటింది అన్నట్టు. తుపాను విషయంలో తిరకాసు ఏంటంటే, అది సముద్రం వైపు నుంచి నేల వైపు దాటుతుంది. సుడి మధ్యభాగం నేల మీదికి వచ్చిందని అర్థం. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు గాలి తీవ్రత తగ్గడం అప్పటి నుంచి మొదలైతే, లోపల ఉన్న మనకు వాన అప్పుడే మొదలవుతుంది.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది అని టీవీలో స్క్రోలింగ్ వస్తుంటే మా ఇంట్లో "హమ్మయ్య, దాటిందట" అని లైటార్పి పడుకున్నాం. తెల్లారి వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఎక్కడెక్కడ నీళ్లొచ్చాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మా వీధి మొదట్లో కిరాణా షాపు మెట్లు మూడు, వాటిలో రెండు నీళ్లలో ఉన్నాయి, మూడో మెట్టు మీద షాపు పిల్లి ముడుచుకుని కూర్చుంది. సముద్రం ఎక్కడ, ఆ పిల్లి ఎక్కడ! 2020 అక్టోబర్‌లో కూడా అంతే, వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది, మునిగింది హైదరాబాద్. కాబట్టి వార్తలు రాసేవాళ్లకు నాదొక విన్నపం, తీరం దాటింది అని రాసినా ఫరవాలేదు, పక్కన "లోపలికి వస్తోంది" అని ఇంకో ముక్క కలపండి. తీరాన్ని తాకింది అన్నా కొంత నయం.

వరంగల్‌కు సముద్రంతో ఏం పని అనేవాళ్లుంటారు. ఒకప్పుడు పనే ఉండేది. ఓరుగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది ఆ ఊరు. అప్పటిదాకా గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లో సరుకును ఆ రాజ్యం రాజు లాక్కోవడం రివాజు. అది ఇక ఉండదు, న్యాయంగా రావాల్సిన సుంకం ముప్పైలో ఒక వంతు తప్ప ఏమీ తీసుకోం అని మాట ఇచ్చాడు. కర్పూరం, గంధం, ముత్యాలు, పట్టు, ఏనుగు దంతం వచ్చే రేవు అది. మార్కోపోలో రాతల్లో కనిపించే ముత్ఫిలి ఈ మోటుపల్లేనంటారు. ఆ శాసనం సంగతి చెప్పేటప్పుడు నా చేతికి తీరం అనే మాట రాలేదు చూడండి, ఓడ తీరంలో పడలేదు, ఒడ్డున పడింది. దెబ్బ తగిలే చోటు ఒడ్డే. ఇప్పుడు వరంగల్ స్టేషన్లో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ వస్తోందని అనౌన్స్‌మెంట్ విన్నప్పుడల్లా నాకు ఆ సుంకం లెక్క గుర్తొస్తుంది, ఎందుకో.

ఒడ్డు దగ్గరికొచ్చాం కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నా ఓటు దీనికే కాబట్టి. ఇది అచ్చ తెలుగు మాట, సముద్రానికీ నదికీ వాగుకూ కుంటకూ ఒకటే, చిన్నా పెద్దా చూడదు. కష్టాల్లోంచి బయటపడితే ఒడ్డున పడ్డాడంటాం. ఈత రానివాడు సలహాలిస్తే ఒడ్డున కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు అంటాం. తీరం ఈ పనులు చేయదు, "అప్పుల్లోంచి తీరం చేరాడు" అంటే పాటల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుంటుంది. ఇదే రూపం క్రియగా వస్తే పణంగా పెట్టడం, ప్రాణాలొడ్డి కాపాడాడు అనడంలో ఉన్నది.

దీనికున్న చిక్కల్లా మన వైపే. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఒడ్డు అంటే ముందు గుర్తొచ్చేది పొలం ఒడ్డు. నాట్లకు ముందు ఒడ్డు చెక్కడం, ఒడ్డు పెట్టడం, పక్క పొలపాయన ఒడ్డు జరిపాడని పంచాయితీ. అదే ఆంధ్ర వైపు దాన్ని గట్టు అంటారు. మనకేమో గట్టు అంటే గుట్ట, కొండగట్టు అంజన్నను తలుచుకుంటే చాలు. రాజమండ్రి వాళ్లు గోదావరి గట్టు మీద గాలికి కూర్చున్నాం అంటే మా పెద్దమ్మ ఒకసారి "అంత పైకెక్కి ఎందుకు కూసున్నరు?" అని అడిగింది. పాపం వాళ్లు చెప్పింది వరదకు అడ్డంగా వేసిన కట్ట గురించి. కష్టాలు గట్టెక్కడం మాత్రం రెండు వైపులా ఒకటే, ఎక్కేది గుట్టో కరకట్టో ఎవరికి వాళ్లు అనుకోవచ్చు. ఇక ఒడ్ల బస్తాలు ఒడ్డు మీద పెట్టినం అంటే వేరే ఊరివాళ్లకు వ్యాకరణ పరీక్షే, మనవాళ్ల నోట్లో వడ్లు కూడా ఒడ్లే కదా.

కట్ట అనేది చేత్తో కట్టింది. చెరువుకు ఒక వైపే ఉంటుంది, మిగతా వైపు నేల నెమ్మదిగా నీళ్లలోకి దిగిపోతుంది, ఎండాకాలం బయటపడే ఆ నేలను శిఖం అంటారు, శిఖం భూమి కబ్జా అని పేపర్లో చదువుతున్నది దాని గురించే. పాకాల, రామప్ప, లక్నవరం చూసి పెరిగినవాళ్లకు నీళ్లంటే కట్ట, తూము, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు). ఈ మూడూ లేకుండా నీళ్లుంటాయని మాకు తోచదు. అందుకే మా అమ్మను మొదటిసారి సూర్యలంక తీసుకుపోయినప్పుడు జరిగింది నేనెప్పటికీ మర్చిపోను. బాపట్లలో దిగి ఆటోలో పోయాం, సరుగుడు చెట్లు దాటగానే నీళ్లు కనబడ్డాయి, అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని ఇసుకలో పది అడుగులు వేసి ఆగింది. ఎడమకు చూసింది, కుడికి చూసింది. "కట్టేది బిడ్డా?" అన్నది. "సముద్రానికి కట్ట ఉండదమ్మా" అన్నాను. "గిన్ని నీళ్లకు కట్ట లేకపాయె, మరి ఎట్ల ఆగుతయి?" అని, ఒక అల కాలి వేళ్ల దాకా వచ్చి ఆగి వెనక్కి పోవడం చూసి, ఇంకో రెండు అడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఆ వచ్చిన అల తడి ఎక్కడిదాకా ఉందో, ఆ తడి గీత ఉంది చూశారా, అది ఒడ్డు. దానికి తీరం అనే మాట పెద్దది, కోస్తా అనే మాట మరీ పెద్దది.

బీచ్ సంగతి కూడా తేల్చాలి, జనం నోట్లో ఆడేది అదే కాబట్టి. నాకు ఇంగ్లీషు మాటల మీద పగేం లేదు. విశాఖలో ఆర్కే బీచ్‌ను ఇసుకతిన్నె అంటే ఆటో డ్రైవర్ ఎక్కించుకోడు. కాకపోతే బీచ్ అంటే ఇసుక, దాని మీద మొక్కజొన్న పొత్తులు, గుర్రం స్వారీ, సెల్ఫీలు. బండరాళ్లున్న చోట, మడ అడవులున్న చోట సముద్రం ఉంటుంది గానీ బీచ్ ఉండదు. కోరింగ మడ అడవుల వైపుకు పోయి బీచ్ ఏదని వెతికితే బురదే దొరుకుతుంది. మనుషులు సరదాకు పోయే ఇసుక అయితే బీచ్ అనే రాసేయండి, టెన్షన్ లేదు. చేపలు పట్టేవాళ్ల బతుకుల గురించి రాస్తూ బీచ్ అంటే మాత్రం చదవడానికి కష్టంగా ఉంటుంది, పడవ లాగే చోటు సరదా చోటు కాదు కదా.

రేవు వేరే, నీళ్లలోకి దిగడానికో ఎక్కడానికో కుదిరిన జాగా. చాకిరేవైనా ఓడరేవైనా అదే లెక్క, ఒడ్డు పొడవునా రేవు ఉండదు. దరి ఇప్పుడు ఒంటరిగా బతకడం లేదు, దరిచేరనివ్వడు, దరిదాపుల్లో లేడు లాంటి వాటిలో నక్కి ఉంది. దాన్ని తీసి సముద్రానికి వాడితే కవిత్వం రాస్తున్నావా అంటారు. పట్నం మాట కూడా సముద్రానిదే అనుకునేవాణ్ని, మచిలీపట్నం, భీమునిపట్నం, నిజాంపట్నం చూసి. కానీ మన వైపు పట్నం పోయిండు అంటే హైదరాబాద్ పోయాడని, అక్కడున్నది సముద్రం కాదు, హుస్సేన్ సాగర్.

సరే, పాంప్లెట్ దగ్గరికొస్తాను. కోస్తా తీసేసి "సూర్యలంక సముద్రపు ఒడ్డున ఒక సాయంత్రం" అని రాసి వాట్సాప్‌లో పంపాను. అరగంటకు ఫోన్ వచ్చింది. "మంచిగుందన్నా, కానీ మనోళ్లు ఒడ్డు అంటే పొలం ఒడ్డు అనుకుంటరేమో" అన్నాడు. ముందు సముద్రం అని ఉంది కదా తమ్మీ అంటే, "నిజమే గానీ తీరం అంటే రిచ్‌గ ఉంటది" అన్నాడు. రిచ్‌గా ఉంటే రెండు రోజులకు ఆ రేటు చూసి ఎవరూ రారన్నాను. చివరికి పైన పెద్దక్షరాల్లో బీచ్, కింద చిన్నక్షరాల్లో సముద్రపు ఒడ్డున, ఇద్దరికీ సరిపోయింది.

ప్రింటైన కాగితం నిన్న ఇచ్చిపోయాడు. వెనకవైపు, ఫోన్ నంబర్ పక్కన, "కోస్తా టూర్" అట్లనే ఉంది. అదేందిరా అంటే, అటువైపుకు ప్లేట్ ముందే తీసేశారట, మార్చాలంటే మళ్లీ డబ్బులు కట్టాలన్నారట.